గట్టి ఇంటర్‌ఫేసింగ్, ఫోమ్‌లతో గుడ్డ వలయం కుట్టడం ఎలా

తలుపుకో గోడకో తగిలించే గుండ్రటి అలంకార వలయాన్ని గుడ్డతో కుట్టినప్పుడు, అది మొదటి రోజు ఎంత ముచ్చటగా కనిపించిందన్న దానికంటే ఏడాది తరువాత కూడా గుండ్రంగానే నిలిచిందా లేదా అన్నదే పనితనానికి అసలు పరీక్ష. ఒకే మేకుకు వేలాడే వలయం తన బరువుకు తానే కిందికి సాగుతూ క్రమంగా కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. ఆకుల కొసలు వాలిపోతాయి. అంచులు అలలు తిరుగుతాయి. వీటన్నిటికీ కారణం పైకి కనిపించే గుడ్డలో ఉండదు, లోపల దాగి ఉండే పొరలో ఉంటుంది. అందుకే ఈ వివరణలో అలంకరణ కంటే లోపలి పొరను ఎంచుకోవడానికీ, దాన్ని సరిగా కత్తిరించడానికీ, అంచును ముగించడానికీ ఎక్కువ చోటు ఇస్తున్నాను. ఇక్కడ చెప్పే కొలతలతో కుడితే 14 అంగుళాల వలయం తయారై, ఆకులు అమర్చాక మొత్తం వెడల్పు సుమారు 18 అంగుళాలకు చేరుతుంది.

లోపలి పొరను ఎంచుకోవడం

గట్టి ఇంటర్‌ఫేసింగ్ అంటే నేత లేకుండా పీచును ఒత్తి తయారుచేసిన, అట్టలా నిలబడే పొర. సంచుల అడుగు భాగానికీ టోపీల అంచుకూ వాడేది ఇదే. ఇందులో మూడు రకాలు దొరుకుతాయి: జిగురు లేనిది, ఒక వైపు మాత్రమే జిగురు ఉన్నది, రెండు వైపులా జిగురు ఉన్నది. జిగురు ఉన్న వైపు వేలితో తడిమితే కాస్త గరుకుగానో చిన్న చిన్న చుక్కలుగానో తగులుతుంది, వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే మెరుస్తుంది. కాలర్లకు వాడే పల్చటి కాన్వాస్ ఈ పనికి చాలదు. బక్రం అనే గట్టిపరచిన నేత గుడ్డ చేతికి గట్టిగానే తగులుతుంది కానీ, గంజితో గట్టిపరచిన రకమైతే తేమ తగిలినప్పుడు మెత్తబడిపోతుంది కాబట్టి దాన్ని నమ్ముకోకపోవడమే మేలు.

ఫోమ్ స్వభావం వేరు. కుట్టుపనికి అమ్మే ఫోమ్ సుమారు పావు అంగుళం, అంటే 6 మిల్లీమీటర్ల మందంతో, రెండు వైపులా పల్చటి అల్లిక గుడ్డ అంటించి ఉంటుంది. అది నలిపినా ముడత పడదు, వదలగానే తిరిగి లేస్తుంది, గుడ్డకు నిండుదనం ఇస్తుంది. అయితే వంగకుండా నిలబడే శక్తి దానికి తక్కువ. ప్యాకింగ్‌కు వచ్చే పల్చటి స్పాంజ్ ముక్కలను దీనికి బదులుగా వాడకండి, అవి సూది పోట్ల వెంట చిరిగిపోతాయి.

ఈ రెండింటిలో ఏది మంచిదని అడగడం కంటే ఏ భాగానికి ఏది తగునని అడగడం సరైనది. వలయాన్ని గుండ్రంగా నిలిపే బాధ్యత గట్టి ఇంటర్‌ఫేసింగ్‌కే అప్పగించాలి. దాని మీద ముందు వైపున ఒక ఫోమ్ పొర వేస్తే రెండు లాభాలు ఉన్నాయి: వలయం ఉబ్బెత్తుగా కనిపిస్తుంది, ఆకులను చేత్తో బిగించేటప్పుడు సూదిని ఫోమ్ వరకే దించి పైకి తీయవచ్చు కనుక వెనుక వైపు ఒక్క కుట్టు కూడా బయటపడదు. కొస వాడిగా ఉండాల్సిన ఆకులకు ఇంటర్‌ఫేసింగ్, బొద్దుగా కనిపించాల్సిన పూరేకులకు ఫోమ్ సరిపోతాయి.

కావలసినవి

44 అంగుళాల పన్నా ఉన్న నూలు గుడ్డ ఒక మీటరు వలయానికీ అంచు పట్టీకీ కలిపి సరిపోతుంది. ఆకుల ముందు వెనుకలకు రెండు రంగులు వాడాలనుకుంటే ఒక్కొక్కటి అర మీటరు తీసుకోండి. బిగువైన సాదా నేత గుడ్డ శ్రేష్ఠం. సాగే గుడ్డలూ, జారే సిల్కులూ, ఎక్కువ వేడికి కరిగే కృత్రిమ గుడ్డలూ మొదటి ప్రయత్నానికి తగవు. ఇంటర్‌ఫేసింగ్ విషయంలో వలయానికి ఒక వైపు జిగురున్నది 14 అంగుళాల చదరం ఒకటి, ఆకులకు రెండు వైపులా జిగురున్నది 20 × 12 అంగుళాల ముక్క ఒకటి, 16 × 10 అంగుళాల ముక్క ఒకటి కావాలి. ఫోమ్ వలయానికి 14 అంగుళాల చదరం, పూలు కుట్టదలచుకుంటే మరికొంత.

సూది సన్నగా ఉంటే ఇన్ని పొరల్లో వంగిపోయి కుట్లు తప్పుతుంది. 90/14 నంబరు సూది, మరీ మందంగా ఉన్న చోట 100/16 వాడండి. దారం పాలిస్టర్‌దైతే సులువుగా తెగదు. గుండుసూదులు గట్టి పొరలోకి దిగవు, దిగినా పొరను వంచేస్తాయి కాబట్టి బట్ట పట్టుకునే చిన్న క్లిప్పులు దగ్గర పెట్టుకోండి. ఇస్త్రీ పెట్టె, పల్చటి నూలు గుడ్డ, బేకింగ్ కాగితం, పదునైన కత్తెర, చేతికుట్టుకు గట్టి సూది, వేలితొడుగు ఉంటే చాలు. మిషన్‌కు వాకింగ్ ఫుట్ (గుడ్డను అదిమిపట్టి పై పొరనూ ముందుకు నడిపించే పాదం) ఉంటే పై పొర జరగకుండా అన్నీ కలిసి నడుస్తాయి. లేకపోతే ఫుట్ ఒత్తిడిని తగ్గించుకుని నెమ్మదిగా కుట్టినా పని జరుగుతుంది.

కాగితపు నమూనా

దారానికి పెన్సిల్ కట్టి గీసే వృత్తం దారం సాగడం వల్ల సమంగా రాదు. ఒక అట్టముక్కను అంగుళం వెడల్పు పట్టీగా కత్తిరించి, ఒక చివర రంధ్రం చేసి, అక్కడి నుంచి 4½ అంగుళాల దగ్గర ఒకటి, 7 అంగుళాల దగ్గర మరొకటి చేయండి. మొదటి రంధ్రంలో గుండుసూది గుచ్చి, మిగిలిన రంధ్రాల్లో పెన్సిల్ మొన పెట్టి తిప్పితే లోపలి వృత్తం 9 అంగుళాలు, బయటి వృత్తం 14 అంగుళాల వ్యాసంతో కచ్చితంగా వస్తాయి. మధ్యలో 2½ అంగుళాల వెడల్పు పట్టీ మిగులుతుంది.

ముందు బయటి వృత్తాన్ని మాత్రమే కత్తిరించి, ఆ కాగితాన్ని నాలుగు సార్లు సగానికి మడవండి. విప్పితే 16 సమాన భాగాలు కనిపిస్తాయి. ఆ మడతల మీద పెన్సిల్‌తో గీతలు గీసి, ఆ తరువాత మధ్య భాగాన్ని తీసేయండి. ఈ 16 గీతలే ఆకుల స్థానాలు. వలయం మధ్యగీత మీద వాటి నడుమ దూరం సుమారు 2¼ అంగుళాలు ఉంటుంది. ఆకులకు రెండు నమూనాలు చేసుకోవాలి: పెద్దది 4½ అంగుళాల పొడవు, 2½ అంగుళాల వెడల్పు, చిన్నది 3½ అంగుళాల పొడవు, 2 అంగుళాల వెడల్పు. కొస సన్నగానూ మొదలు ముప్పావు అంగుళం వెడల్పున సమంగానూ ఉండేలా గీయండి.

గుడ్డను సిద్ధం చేయడం

కొత్త గుడ్డను ఉతికి, ఆరబెట్టి, ఇస్త్రీ చేసిన తరువాతే కత్తెర పెట్టాలి. ఈ మెట్టును దాటవేస్తే జిగురు పొర మీద వేడి తగలగానే గుడ్డ కుంచించుకుపోయి బుడగలు తేలతాయి, వాటిని తరువాత సరిచేయడం దాదాపు అసాధ్యం.

అసలు ముక్కల జోలికి వెళ్లే ముందు మూడు అంగుళాల చదరాల మీద ఒక పరీక్ష చేయండి. జిగురు వైపు గుడ్డ లోపలి వైపుకు ఆనేలా పరచి, కింద బేకింగ్ కాగితం, పైన పల్చటి గుడ్డ వేసి, ఇస్త్రీ పెట్టెను అటూ ఇటూ జరపకుండా ఒకే చోట పది పదిహేను క్షణాలు ఆనించి, పైకెత్తి పక్క చోట దించండి. పెట్టెను లాగితే మెత్తబడిన జిగురు మీద గుడ్డ జారి ముడతలు పడుతుంది. ఎంత వేడి, ఆవిరి వాడాలా వద్దా అన్నవి తయారీదారు ఇచ్చిన కాగితంలోనే చూసుకోండి, ఒక్కో జిగురుకు ఒక్కో పద్ధతి ఉంటుంది. ముక్క పూర్తిగా చల్లారాక మూల దగ్గర గోటితో లేపి చూడండి. గుడ్డ విడివడకపోతే అదే వేడి, అదే సమయం అన్నిటికీ పాటించండి. జిగురు వేడిగా ఉన్నంతసేపు కరిగే ఉంటుంది, చల్లారేటప్పుడే పట్టు బిగుస్తుంది కనుక ఇస్త్రీ చేసిన ముక్కను వెంటనే ఎత్తకూడదు.

వలయానికి ఆధారం

ఇంటర్‌ఫేసింగ్‌ను 14, 9 అంగుళాల కొలతల్లో, అంటే పూర్తి వలయంగా కత్తిరించండి. ఫోమ్‌ను మాత్రం అంతే కొలతలో తీయకండి. బయటి అంచున 3/8 అంగుళం, లోపలి అంచున 3/8 అంగుళం తగ్గించి, బయటి వ్యాసం 13¼, లోపలి వ్యాసం 9¾ అంగుళాలు ఉండేలా కత్తిరించండి. ఇలా చేస్తే ఫోమ్, అంచుకు వేసే పట్టీ కుట్టులోకి రాదు. అంచు పల్చగా, గట్టిగా, శుభ్రంగా మడతపడుతుంది. ఈ చిన్న తేడాను పట్టించుకోకపోవడం వల్లే చాలా వలయాల అంచులు లావుగా, వంకరగా తయారవుతాయి.

గుడ్డను 15 అంగుళాల చదరాలుగా రెండు కత్తిరించండి. వాటికి ఇప్పుడే మధ్యలో రంధ్రం చేయకూడదు. గుండ్రంగా కత్తిరించిన గుడ్డ అంచు కొన్ని చోట్ల ఏటవాలుగా పడి, ముట్టుకున్నప్పుడల్లా సాగుతుంది. అన్ని పొరలూ కలిశాక కత్తిరిస్తే ఆ బెడద ఉండదు. ఒక చదరం లోపలి వైపున ఇంటర్‌ఫేసింగ్ వలయాన్ని జిగురు కిందికి ఉండేలా మధ్యగా పెట్టి, గుడ్డ పడుగు దారాలు వలయం పై నుంచి కిందికి నిలువుగా ఉండేలా సరిచూసి అంటించండి. ఇది వెనుక వైపు అవుతుంది.

వేలాడదీసే పట్టీని కుట్టాల్సిన సమయం ఇదే. వలయం పూర్తయ్యాక కుడితే దాని కుట్లు ముందు వైపు కనిపిస్తాయి. ఇప్పుడైతే ఫోమ్ వాటిని కప్పేస్తుంది. పట్టీని పై భాగాన ఒకే చోట కుట్టడం కూడా సరి కాదు, బరువంతా ఆ ఒక్క బిందువు మీదే పడి వలయం అక్కడ మొనతేలుతుంది. గడియారం ముల్లు 11, 1 గంటలను చూపే రెండు స్థానాల్లో, వలయం వెడల్పుకు సరిగ్గా మధ్యలో కుట్టాలి. 8 అంగుళాల గట్టి రిబ్బన్ తీసుకుని, రెండు చివరలా ముప్పావు అంగుళం మడిచి, ఒక్కో చివరను చిన్న చదరంగా, చదరంలో అడ్డగీతలతో మిషన్ మీద కుట్టండి. ఈ పొడవులో రిబ్బన్ మధ్య భాగం పైకి లాగినా వలయం పై అంచును దాటి బయటికి కనిపించదు.

ఇప్పుడు ఇంటర్‌ఫేసింగ్ మీద ఫోమ్‌ను అన్ని వైపులా 3/8 అంగుళం వదిలి సమంగా పరచండి. పెద్ద పెద్ద కచ్చాకుట్లతో నిలపవచ్చు, లేదా తాత్కాలికంగా పట్టే గుడ్డ జిగురు స్ప్రేను గాలి బాగా ఆడే చోట, మిషన్‌కు దూరంగా వాడవచ్చు. దాని మీద రెండో చదరాన్ని మంచి వైపు పైకి ఉండేలా వేసి, చేత్తో మధ్య నుంచి బయటికి నిమిరి సరిచేయండి. ఫోమ్ మీద ఇస్త్రీ పెట్టెను గట్టిగా అదమకండి, అణగిపోయిన ఫోమ్ తిరిగి పూర్తిగా లేవదు. కాగితపు నమూనాను పైన ఉంచి 16 గీతలనూ, రెండు వృత్తాలనూ చాక్‌తో గుర్తు పెట్టండి.

కుట్టు పొడవును 3 నుంచి 3½ మిల్లీమీటర్ల దగ్గర పెట్టి, 16 గీతల మీదా లోపలి అంచు నుంచి బయటి అంచు వైపుకు ఒక్కో కుట్టు వేయండి. ప్రతి గీతనూ ఒకే దిశలో కుట్టడం ముఖ్యం. ఒకటి లోపలి నుంచి, మరొకటి బయటి నుంచి కుడితే పై గుడ్డ ఎదురెదురుగా జరిగి మధ్యలో ఏటవాలు ముడతలు వస్తాయి. వరుసగా పక్కపక్క గీతలు కుట్టకుండా ఎదురుగా ఉన్నవి ముందు పూర్తి చేస్తే గుడ్డ బిగువు సమంగా పరచుకుంటుంది. ఆపై రెండు వృత్తాల గుర్తులకు ఎనిమిదో వంతు అంగుళం లోపలగా చుట్టూ ఒక్కో కుట్టు వేసి, గుర్తుల వెంట బయటి అంచునూ మధ్య రంధ్రాన్నీ శుభ్రంగా కత్తిరించండి.

అంచుకు పట్టీ

చాలామంది రెండు గుండ్రటి ముక్కలను మంచి వైపులు ఎదురెదురుగా పెట్టి, బయటి అంచూ లోపలి అంచూ రెండూ కుట్టేసి, చిన్న సందులోంచి తిప్పవచ్చని అనుకుంటారు. దిండుకు పనికొచ్చే ఆ పద్ధతి మధ్యలో రంధ్రం ఉన్న ఆకారానికి పనికిరాదు: రెండు అంచులూ కుట్టాక సందులోంచి గుడ్డను బయటికి లాగితే వలయం రాదు, గొట్టం అడ్డం తిరిగిపోయి వేరే ఆకారం చేతికి వస్తుంది. లోపల గట్టి పొర ఉన్నప్పుడు అసలు తిప్పనే తిప్పలేం. కాబట్టి అంచుకు విడిగా పట్టీ వేయడమే సరైన మార్గం.

పట్టీ తప్పనిసరిగా క్రాస్‌గా, అంటే నేతకు 45 డిగ్రీల వాలులో కత్తిరించినదై ఉండాలి. నిలువు పట్టీ వంపు తిరగదు. 18 అంగుళాల చదరాన్ని మూల నుంచి మూలకు వాలుగా 2½ అంగుళాల పట్టీలుగా కత్తిరించి, చివరలను ఏటవాలుగా అతికితే కావలసిన పొడవు వస్తుంది. బయటి చుట్టుకొలత సుమారు 44 అంగుళాలు, లోపలిది 28¼ అంగుళాలు. అతుకులకు కొంత చేర్చి మొత్తం 90 అంగుళాలు సిద్ధం చేసుకోండి. పట్టీని పొడవునా సగానికి మడిచి ఇస్త్రీ చేయండి.

లోపలి అంచుతో మొదలుపెట్టండి, ఎందుకంటే అక్కడ పని ఇరుకుగా ఉంటుంది, బయటి అంచు ఇంకా మెత్తగా ఉన్నప్పుడే అది సులువు. మడిచిన పట్టీ తెరిచిన అంచును వలయం ముందు వైపు అంచుకు ఆనించి, 3/8 అంగుళం లోపలగా కుట్టండి. లోపలి వంపులో పట్టీని కుట్టేటప్పుడు అతి స్వల్పంగా లాగి పట్టాలి. బయటి వంపులో లాగకూడదు సరికదా, కాస్త వదులుగా వదలాలి. ఈ ఒక్క తేడా చేతికి అలవాటైతే ముడతలు రావు. మొదటి నాలుగు అంగుళాలు కుట్టకుండా వదిలిపెట్టి, చుట్టూ వచ్చాక రెండు చివరలనూ ఏటవాలుగా కలిపి, ఆ తరువాత మిగిలింది పూర్తి చేయండి. పట్టీని అంచు మీదుగా వెనుకకు మడిచి, మొదటి కుట్టు దాగేలా క్లిప్పులతో బిగించి, చేత్తో హెమ్మింగ్ చేయండి. సూది వెనుక గుడ్డ దారాలను మాత్రమే పట్టుకోవాలి. గట్టి పొరలోకి గుచ్చితే వేలూ నొస్తుంది, కుట్టూ గుంట పడుతుంది.

ఆకులు

పెద్ద ఆకులకు 20 × 12 అంగుళాల ఇంటర్‌ఫేసింగ్ ముక్కకు రెండు వైపులా రెండు రంగుల గుడ్డలు అంటించండి. ఒక వైపు అంటించేటప్పుడు కింది వైపు జిగురు బల్లకు పట్టుకోకుండా బేకింగ్ కాగితం వేయడం మరవకండి. ఈ ముక్కలో 5 × 3 అంగుళాల గళ్లుగా 16 ఆకులు సరిగ్గా సరిపోతాయి. అలాగే 16 × 10 అంగుళాల ముక్కలో 4 × 2½ అంగుళాల గళ్లుగా 16 చిన్న ఆకులు వస్తాయి.

నమూనాతో ఆకులను గీసినా వెంటనే కత్తిరించకండి. ముందు గీత మీద 2½ మిల్లీమీటర్ల సాదా కుట్టు వేసి, ఆ కుట్టుకు బయటగా ఒక మిల్లీమీటరు వదిలి కత్తిరిస్తే పొరలు అంచు దగ్గర విడిపోవు. అప్పుడు అంచు చుట్టూ జిగ్‌జాగ్ రెండు విడతలుగా వేయాలి. మొదటి విడత 2½ మిల్లీమీటర్ల వెడల్పుతో, 1 నుంచి 1½ మిల్లీమీటర్ల పొడవుతో పలచగా. రెండో విడత 3½ మిల్లీమీటర్ల వెడల్పుతో, 0.4 లేదా 0.5 మిల్లీమీటర్ల పొడవుతో దట్టంగా. ఒకేసారి దట్టంగా వేస్తే అంచు అల తిరుగుతుంది, పీచు దారాల మధ్యలోంచి తొంగిచూస్తుంది. సూది కుడి వైపు దిగినప్పుడు గుడ్డను దాటి కేవలం ఒక నూలుపోగంత దూరంలో గాలిలో దిగాలి, అప్పుడే దారం అంచును చుట్టుకుంటుంది. పై దారం బిగువును కొద్దిగా తగ్గించండి. ఆకు రెండు వైపులూ కనిపిస్తుంది కాబట్టి బాబిన్‌లో కూడా అదే రంగు దారం ఉండాలి. 32 ఆకులకు దారం ఊహించినదానికంటే ఎక్కువ పడుతుంది, బాబిన్లు నాలుగైదు ముందే చుట్టి పెట్టుకోండి.

కొస దగ్గర తొందరపడవద్దు. సూది బయటి వైపు దిగి ఉన్నప్పుడే ఫుట్ లేపి, ఆకును కొద్దిగా తిప్పి, రెండు మూడు కుట్లు వేసి, మళ్లీ తిప్పండి. ఒక్క తిప్పుతో మలుపు తిరగాలని చూస్తే కొసలో ఖాళీ మిగులుతుంది.

అంచు పూర్తయ్యాక మొదలు నుంచి కొసకు ముప్పావు దూరం వరకు మధ్య ఈనె కుట్టండి. ఆ కుట్టు వెంట ఆకు సహజంగా కాస్త ముడుచుకుంటుంది. మొదలు దగ్గర వేళ్లతో చిన్న మడత పెట్టి చేత్తో రెండు కుట్లు వేస్తే ఆకు దోసిలి ఆకారం పొంది లేచి నిలుస్తుంది. మరింత వంపు కావాలంటే ఆకును పల్చటి గుడ్డ కింద వేడి చేసి, వేడిగా ఉండగానే చుట్టిన తువ్వాలు మీద పరచి చల్లారనివ్వండి. లోపలి జిగురు ఆ వంపులోనే గట్టిపడుతుంది. బల్లపరుపుగా ఉండే ఆకులతో కుట్టిన వలయం దూరం నుంచి అట్టముక్కలా కనిపిస్తుంది కనుక ఈ పనిని ప్రతి ఆకుకూ చేయమనే నా సలహా.

మీ మిషన్ సాదా కుట్టు మాత్రమే వేసేదైతే పద్ధతి మార్చండి. రెండు గుడ్డల మంచి వైపులు ఎదురెదురుగా పెట్టి, పావు అంగుళం మార్జిన్‌తో మొదలు భాగం తెరిచి ఉంచి కుట్టండి. కొస దగ్గర మార్జిన్‌ను బాగా తగ్గించి, వంపుల్లో చిన్న చిన్న గాట్లు పెట్టి, తిప్పి ఇస్త్రీ చేయండి. ఆకు కంటే ఎనిమిదో వంతు అంగుళం చిన్నగా కత్తిరించిన ఇంటర్‌ఫేసింగ్‌ను పొడవునా చుట్టి లోపలికి దూర్చి, లోపల విప్పి, ఇస్త్రీతో అంటించి, అంచు చుట్టూ పైకుట్టు వేయండి. తెరిచి ఉన్న మొదలును మూయనక్కర లేదు, అది మరో ఆకు కిందికి వెళ్తుంది.

పూలు

పూలు తప్పనిసరి కాదు. ఆకులు చక్కగా వస్తే వాటిని దాచేన్ని పూలు పెట్టకపోవడమే అందం. ఒక పక్కన మూడు చాలు. ఒక్కో పూవుకు ఐదు రేకులు, ఒక్కోటి 2½ అంగుళాలు. రెండు గుడ్డలను మంచి వైపులు ఎదురెదురుగా పెట్టి, వాటి కింద ఫోమ్ ఉంచి, మొదలు వదిలి కుట్టండి. కుట్టు బయట ఉన్న ఫోమ్‌ను కుట్టుకు వీలైనంత దగ్గరగా కత్తిరించి, గుడ్డ మార్జిన్ మాత్రం పావు అంగుళం ఉంచి, తిప్పండి. ఐదు రేకుల మొదళ్లను ఒకే గట్టి దారానికి గుచ్చి, దగ్గరకు లాగి ముడివేసి, మధ్యలో గుడ్డ చుట్టిన గుండీ కుట్టండి.

అమర్చి బిగించడం

ముందు కాగితపు ఆకులతోనో క్లిప్పులతోనో అమరిక చూసుకోండి. ప్రతి గీత దగ్గర ఒక పెద్ద ఆకు, ఒక చిన్న ఆకు జంటగా వస్తాయి. రెండింటి మొదళ్లు వలయం మధ్యగీత మీద పక్కపక్కన ఉంటాయి. కొసలు రెండూ గడియారం తిరిగే దిశలో వాలుతాయి. పెద్ద ఆకు మధ్యగీతకు సుమారు 30 డిగ్రీల వాలుతో బయటికి, చిన్న ఆకు సుమారు 45 డిగ్రీల వాలుతో లోపలికి చూస్తాయి. వలయం లోపలికి వంపు తిరిగి ఉంటుంది కనుక చిన్న ఆకుకు ఎక్కువ వాలు ఇవ్వకపోతే దాని కొస లోపలి అంచును దాటదు.

కొసలు గడియారం దిశలో ఉన్నప్పుడు కుట్టే క్రమం దానికి ఎదురు దిశలో సాగాలి. అప్పుడు కొత్తగా పెట్టే ప్రతి జంట అంతకుముందు కుట్టిన జంట మొదలును కప్పుతుంది. రెండు పేటల దారంతో ప్రతి ఆకు మొదలు దగ్గర మూడు నాలుగు కుట్లు వేయండి. పెద్ద ఆకుకు మొదలు నుంచి అంగుళంన్నర దూరంలో, ఆకు అడుగు గుడ్డనూ వలయం పై గుడ్డనూ ఫోమ్‌నూ కలిపి మరో కుట్టు దాచి వేయండి. ఈ రెండో కుట్టు లేకపోతే కొంతకాలానికి ఆకులు మొదలు దగ్గర తిరిగిపోతాయి. మొదటి జంటకు మాత్రం రెండో కుట్టు అప్పుడే వేయకండి. చుట్టూ వచ్చాక చివరి జంట మొదలును దాని కిందికి తోసి, బిగించి, అప్పుడు దాన్ని కుట్టేయాలి. పూలు పెట్టేది ఆ అతుకు ఉన్న చోటే అయితే అక్కడి చిన్నా చితకా తేడాలు కనిపించవు.

ఇబ్బంది ఎదురైతే

కుట్లు తప్పుతుంటే ముందుగా సూదిని చూడండి. దానికి జిగురు అంటుకుని ఉంటే స్పిరిట్ అద్దిన గుడ్డతో తుడవండి, మొన మొద్దుబారితే మార్చండి. గుడ్డలో బుడగ కనిపిస్తే పల్చటి గుడ్డ వేసి మళ్లీ వేడి చేసి, పెట్టె తీసిన వెంటనే ఏదైనా బరువైన చదునైన వస్తువు పెట్టి చల్లారనివ్వండి. వలయం కింద పెట్టినప్పుడు ఒక వైపు లేస్తుంటే అంచు పట్టీని బయటి వంపులో ఎక్కువ లాగి కుట్టారని అర్థం. అక్కడి వరకు కుట్టు విప్పి వదులుగా మళ్లీ కుట్టడం తప్ప ఇస్త్రీతో అది సరికాదు.

వాడుక, భద్రపరచడం

దీన్ని నీళ్లలో ముంచి ఉతకకూడదు. మెత్తటి బ్రష్‌తో కొస వైపుకు దుమ్ము దులిపి, మరక ఉన్న చోట మాత్రం తడి గుడ్డతో అద్దండి. నేరుగా ఎండ తగిలే చోట నూలు గుడ్డ రంగు వెలుస్తుంది. తీసి దాచేటప్పుడు మడవకుండా, మీద బరువు పెట్టకుండా, వెడల్పాటి పెట్టెలో వెనుక వైపు కిందికి ఉండేలా పడుకోబెట్టండి, లేదా గుడ్డ సంచిలో పెట్టి దాని రిబ్బన్‌కే తగిలించండి. మళ్లీ బయటికి తీసినప్పుడు ఏ ఆకైనా వంపు కోల్పోయి ఉంటే దాన్ని పల్చటి గుడ్డ మీదుగా వేడి చేసి, వేళ్లతో వంచి చల్లారే వరకు పట్టుకుంటే లోపలి జిగురు తిరిగి ఆ ఆకారానికే బిగుస్తుంది.